రెండు హోటళ్ళ మధ్య అమెరికా శాసనసభ్యుడు

కొత్తగా లెక్చరర్లు కాబోతున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ఇంటర్వ్యూకి ఏం చదవాలి, డెమో క్లాసు ఎలా చెప్పాలి అని అడుగుతారు. నేను మాత్రం ముందు ఒకటి అడుగుతాను, ఆ ఊళ్ళో టీ ఎక్కడ తాగుతున్నావు అని. వాళ్ళు నవ్వుతారు. పెద్దాయనకి వయసు మీద పడిందనుకుంటారు కాబోలు. ఆ నవ్వేవాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. ఇందులో ఎవరి పేర్లూ ఉండవు. ఊరి పేరు కూడా చెప్పను, పల్నాడు అంటే చాలు. అప్పటివాళ్ళు కొందరు ఇంకా ఉన్నారు, పోయినవాళ్ళకి పిల్లలున్నారు, నేనేమో ఇప్పటికీ ఆ వైపు పెళ్ళిళ్ళకి వెళ్ళి భోంచేసి రావాల్సినవాణ్ణి.

ఎనభైల మొదటి రోజులు. మాది తెనాలి పక్క పల్లె. చరిత్రలో ఎం.ఏ. పాసై, చాన్నాళ్ళు ఖాళీగా తిరిగి, చివరికి ఆ ఊరి ప్రైవేటు కాలేజీలో టెంపరరీ లెక్చరరుగా కుదిరాను. నరసరావుపేటలో బస్సు మారి అక్కడ దిగేసరికి చొక్కా మీద నాపరాళ్ళ దుమ్ము తెల్లగా పేరుకుంది. బస్టాండు ముందు రెండు టీ హోటళ్ళున్నాయి. ఒకటి రోడ్డుకి పై వైపు గట్టు మీద, ఇంకొకటి కింద పల్లంలో. పై హోటల్లో బల్ల ఖాళీగా ఉంటే కూర్చుని టీ తాగి, పెట్టె రిక్షాలో వేసుకుని కాలేజీకి వెళ్ళాను. నాకంటే ముందే కబురు వెళ్ళింది.

ప్రిన్సిపాలు గారు నా కాగితాలు చూడకముందే, దిగీ దిగగానే పై హోటల్లో టీ తాగావంట గదా అన్నారు. తాగితే ఏమైందండీ అన్నాను. ఏం కాలేదు, సాయంత్రం వెళ్ళి కింద హోటల్లో తాగు, అన్నారు.

ఆ ఊళ్ళో రెండు వర్గాలు. రెండిటికీ పొలాలున్నాయి, నాపరాళ్ళ క్వారీలున్నాయి, మనుషులున్నారు, కోర్టు కేసులున్నాయి. ఒక్కో వైపు ఒక్కో మనిషి పోయాడు కూడా, నేను రాకముందు. పై హోటలు ఒక వర్గానిది, కింద హోటలు రెండో వర్గానిది. కాలేజీ కమిటీకి అధ్యక్షుడు పై వర్గం పెద్ద, కార్యదర్శి కింద వర్గం పెద్ద. కాలేజీ పెట్టినప్పుడు ఇద్దరూ చెరిసగం స్థలం ఇచ్చారు కాబట్టి ఇద్దర్లో ఎవరూ వదులుకోరు. వార్షికోత్సవానికి మా ప్రిన్సిపాలు గారు ఆహ్వానపత్రికలు రెండు రకాలుగా అచ్చు వేయించేవారు. ఒకదాంట్లో అధ్యక్షుడి పేరు పైన, ఇంకోదాంట్లో కార్యదర్శి పేరు పైన. ఏది ఎవరింటికి పంపాలో అటెండరుకి కంఠతా వచ్చు. ఒక ఏడాది ఆ అటెండరు జ్వరంతో పడుకుంటే ప్రిన్సిపాలు గారే సైకిలెక్కి ఇల్లిల్లూ తిరిగారు, అంతేగాని ఇంకొకరి చేతికి ఇవ్వలేదు.

క్లాసులోనూ అంతే. నడిమి దారికి అటువైపు బెంచీల్లో ఒక వర్గం పిల్లలు, ఇటువైపు ఇంకో వర్గం. పాఠం చెప్పేటప్పుడు ఒక వైపే చూస్తున్నానేమోనని నాకు ఎప్పుడూ బెంగే. ముందు బెంచీ ఆడపిల్లలది. వాళ్ళు మరీ తక్కువమంది, విడగొడితే ఒక్కొక్కరే మిగులుతారని ఒకే బెంచీ మీద వదిలేశారు. నేను పొద్దున పై హోటల్లో, సాయంత్రం కింద హోటల్లో టీ తాగుతూ మూడేళ్ళు గడిపాను. ఎప్పుడైనా సాయంత్రం తలనొప్పి వచ్చి టీ మానేస్తే మర్నాడు పొద్దునది కూడా మానేసేవాణ్ణి, లెక్క సరిపోవాలని. ఇప్పుడు చెబుతుంటే నాకే నవ్వొస్తోంది. అప్పుడు నవ్వు రాలేదు.

ఎందుకంటే నా బతుకంతా ఆ కాలేజీ మీదే ఆధారపడి ఉంది. టెంపరరీ జీతం ఒక మనిషికే సరిపోదు. పెళ్ళయినా నా భార్యను కాపురానికి తెచ్చుకోలేక పుట్టింట్లోనే ఉంచాను. మా బావగారు తెనాలిలో ఎరువుల కొట్టు పెట్టి, నీ చరిత్ర చాల్లే, వచ్చి గల్లాపెట్టె దగ్గర కూర్చోమని కబురు మీద కబురు పంపుతున్నారు. ఆయన మంచికే చెబుతున్నారు. కానీ ఆ కొట్లో కూర్చుంటే మళ్ళీ చాక్‌పీసు పట్టుకునే యోగం ఉండదని నాకు తెలుసు. ప్రభుత్వం జీతమిచ్చే చరిత్ర పోస్టు ఒకటి కాలేజీకి మంజూరయిందని తెలిసిన రోజు నాకు సంతోషం కంటే భయమే ఎక్కువ వేసింది. వయసు దాటిపోతోంది. అది తప్పితే ఇంకొకటి లేదు.

ఆ పోస్టుకి ఇంకో ఇద్దరు వచ్చారు. ఒకరు అధ్యక్షుడి మనిషి, ఇంకొకరు కార్యదర్శి మనిషి. నాకు ఎవరూ లేరు. ఎవరూ లేకపోతే ఫరవాలేదు, కానీ పై వర్గం వాళ్ళేమో నన్ను లోపాయికారీగా కింద వర్గం మనిషినని, కింద వర్గం వాళ్ళు పై వర్గం మనిషినని అనుకుంటున్నారని ప్రిన్సిపాలు గారే చెప్పారు. నా టీ లెక్క నన్ను కాపాడుతోందని ఇన్నాళ్ళూ నేను అనుకున్నాను. అది రెండు వైపులా అనుమానమే పెంచింది. నియామకం కాగితం మీద అధ్యక్షుడు, కార్యదర్శి ఇద్దరూ సంతకం పెట్టాలి. పై వర్గం మనిషికి కింద సంతకం పడదు, కింద వర్గం మనిషికి పై సంతకం పడదు. నాకైతే రెండూ పడవు.

విశ్వవిద్యాలయం నుంచి వచ్చే నిపుణుడి ముందు, కమిటీ ముందు, మూడో ఏడాది బి.ఏ. క్లాసుకి పాఠం చెప్పాలి. ముందురోజు ప్రిన్సిపాలు గారు నన్ను ఇంటికి పిలిచి, ఏ పాఠం అయితే గండం గడుస్తుందో ఆలోచించారు. పల్నాటి యుద్ధం చెబితే ఆ సాయంత్రమే బస్సెక్కాలి. స్వాతంత్ర్యోద్యమం చెబుదామంటే ఎవరి తాత జైలుకెళ్ళాడన్న తగువు ఇంకా తెగలేదు. భూసంస్కరణలు అసలు నోటితో అనకూడదు. చివరికి ఆయన ముఖం వికసించింది.

"అమెరికా చెప్పు నాయనా. సముద్రాల అవతల సంగతి. ఇక్కడెవరికీ అంటుకోదు" అన్నారు.

మర్నాడు ఆయనే నిపుణుడికి ఆ మాట చెప్పారు. నిపుణుడు వయసు మళ్ళిన మనిషి, తొందరగా ముగించుకుని గుంటూరు బస్సు అందుకోవాలన్న ఆరాటంలో ఉన్నాడు. ఆయన సిలబసు పుస్తకం తెరిచి వేలు పెట్టాడు. పందొమ్మిదో శతాబ్దపు అమెరికా శాసనసభ్యుడు ఒకాయన జీవితం, రాజకీయ కృషి. ఆయన పేరు కూడా ఇక్కడ రాయను, అందరికీ ఒకటే న్యాయం.

గది నిండా జనం. గోడవారన కుర్చీల్లో ఒక చివర అధ్యక్షుడు, ఇంకో చివర కార్యదర్శి, మధ్యలో నిపుణుడూ ప్రిన్సిపాలు గారూ. నేను మొదలుపెట్టాను. తండ్రి చిన్నప్పుడే పోయాడు, పెద్ద చదువులు లేవు, సొంతంగా లా చదువుకుని ఉత్తరానికీ దక్షిణానికీ మధ్యనున్న రాష్ట్రానికి వలస వెళ్ళి ప్లీడరయ్యాడు, మాట బలంతో చట్టసభకి ఎదిగాడు. ఇంతవరకూ బాగానే ఉంది. అధ్యక్షుడు తల ఊపుతున్నారు. నాకు కొంచెం ధైర్యం వచ్చింది. ఆ ధైర్యంలోనే, ఆయనకి పేకాట పిచ్చి ఉండేది, రాత్రంతా ఆడి తెల్లారి సభకి వెళ్ళేవాడు అన్నాను.

అధ్యక్షుడి వైపు బెంచీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. అప్పుడు గుర్తొచ్చింది నాకు. కార్యదర్శి గారు విజయపురి సౌత్‌లో గెస్టుహౌసు తీసుకుని పేకాట ఆడతారన్నది పల్నాడంతా తెలిసిన విషయం. ఆయన మీసం కదల్లేదు, చూపు మాత్రం నా మీద నిలిచింది.

సరే, పేకాట వదిలి రాజకీయాల్లోకి పోదామనుకున్నాను. దేశాధ్యక్ష పదవికి పోటీ చేశాడు, గెలవలేదు. అప్పుడు తన వాళ్ళ మద్దతు ఇంకో అభ్యర్థికి ఇప్పించాడు. ఆయన గెలిచి ఈయనకి మంత్రి పదవి ఇచ్చాడు. అది బేరమని జనం అన్నారు, ఆ మాట జీవితాంతం ఆయన్ని వదల్లేదు. ఈ వాక్యం సగంలో ఉండగానే నాలుక కరుచుకున్నాను. మా కమిటీ అధ్యక్షుడు కూడా కిందటి ఎన్నికల్లో చివరి నిమిషాన తన ఓట్లు అవతలి పార్టీకి వేయించి, హైదరాబాదులో ఏదో బోర్డులో పదవి తెచ్చుకున్నారని ఊరంతా చెప్పుకుంటున్నారు. ఇప్పుడు నవ్వు రెండో వైపు బెంచీల్లోంచి వచ్చింది. కార్యదర్శి గారి మీసం కదిలింది.

అధ్యక్షుడు కుర్చీలో ముందుకి జరిగారు. "ఏందయ్యా, ఈ పాఠం నిన్ను ఎవురు చెప్పమన్నారు?" అని అడిగారు.

నిపుణుడు వాచీ చూసుకుంటూ, తానే ఇచ్చానని, ఇది సిలబసులో ఉన్నదేనని చెప్పాడు. మా ప్రిన్సిపాలు గారు నేల చూస్తున్నారు. సముద్రాల అవతలి మనిషి వచ్చి మా ఊరి నడిబజార్లో నిలబడతాడని పాపం ఆయన కలలోనైనా అనుకోలేదు.

నేను గబగబా ముందుకి పోయాను. సభలో తనను తిట్టిన సభ్యుడితో ఈయన తుపాకులతో తలపడ్డాడు, ఎదురెదురుగా నిలబడి కాల్చుకున్నారు, గుండు ఒకాయన కోటుకి చిల్లి పెట్టి పోయింది, తర్వాత ఇద్దరూ చేతులు కలిపారు అని చెప్పాను. రెండు వైపులా పిల్లలు నిటారుగా కూర్చున్నారు. ఆ మూడేళ్ళలో రెండు వైపులూ ఒకేసారి పాఠం వినడం అదే మొదటిసారి.

"త్రీ నాట్ సెవెన్ పెట్టలేదా సార్?" అని వెనక నుంచి ఒకడు అడిగాడు.

హత్యాయత్నం కేసు సంగతి ఆ ఊరి పిల్లలకి సెక్షను నంబరుతో సహా తెలుసు. పెట్టలేదన్నాను. సాక్షులు ఎదురు తిరిగుంటారులే అని పక్కవాడు మెల్లగా అన్నాడు. ఇది ఎంత సహజంగా అన్నాడంటే, నిపుణుడు కూడా నవ్వాడు. ఆ నవ్వుతో నాకు కాస్త ఊపిరాడింది.

ఇక అసలు విషయానికి వచ్చాను. ఆ దేశంలో బానిసల్ని పెట్టుకుని సేద్యం చేసే దక్షిణం, వద్దనే ఉత్తరం. కొత్త రాష్ట్రం చేరిన ప్రతిసారీ ఎవరి వైపు లెక్క పెరుగుతుందోనని గొడవ. విడిపోయేదాకా వచ్చిన ప్రతిసారీ ఈ శాసనసభ్యుడు నిలబడి, వీళ్ళకొకటి వాళ్ళకొకటి ఇప్పించి రాజీ చేశాడు. ఉత్తరం వాళ్ళు దక్షిణానికి అమ్ముడుపోయాడన్నారు, దక్షిణం వాళ్ళు ఉత్తరానికి అమ్ముడుపోయాడన్నారు. ఈ మాట చెబుతుంటే నా గొంతులో కొంచెం సొంత బాధ కూడా కలిసినట్టుంది. బానిసత్వం తప్పని సభలో అన్న మనిషే తన పొలంలో బానిసల్ని పెట్టుకున్నాడని కూడా చెప్పాను. అది దాచడం నాకు ఇష్టం లేకపోయింది.

ముందు బెంచీలో ఒక అమ్మాయి లేచింది. నాపరాళ్ళ క్వారీలో పనిచేసే వాళ్ళ పిల్ల. మూడేళ్ళలో హాజరు పలకడం తప్ప ఆ అమ్మాయి గొంతు నేను విని ఎరగను. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, నా వైపే చూస్తూ అడిగింది.

"సార్, అన్ని రాజీలు జేశాడు గదా. ఆ బానిసల్ని ఎవురన్నా అడిగారా?"

ఆ ఊళ్ళో కూడా రాజీలు జరిగేవి. కిందటి ఏడాది రెండు వర్గాలూ కూర్చుని, గొడవలు తగ్గాలంటే క్వారీలు కొన్నాళ్ళు మూసేద్దామని పెద్దమనుషుల ఒప్పందం చేసుకున్నాయి. మూసినన్నాళ్ళూ పెద్దలు తమ ఇళ్ళల్లోనే ఉన్నారు. క్వారీ మీద బతికేవాళ్ళు మాత్రం మూటలు కట్టుకుని కూలికి పోయారు, కొందరు ఈపూరు వైపు, కొందరు రొంపిచెర్ల వైపు. ఆ అమ్మాయి ఆ నెలలు కాలేజీకి రాలేదు. ఆ సంగతి గదిలో ఉన్న ప్రతివాడికీ తెలుసు, ఆ ఒప్పందం చేసినవాళ్ళు గోడవారన ఆ చివరా ఈ చివరా కూర్చుని ఉన్నారు.

ప్రిన్సిపాలు గారు నా వైపు చూసి చాలా చిన్నగా తల అడ్డంగా ఊపారు. ఆ ప్రశ్న సిలబసులో లేదు, తర్వాత చెబుతాను కూర్చోమ్మా అంటే సరిపోయేది. ఎరువుల కొట్టు కళ్ళ ముందు కనిపించింది. బావగారి పక్కన గల్లాపెట్టె దగ్గర నేను. కానీ ఆ పిల్ల ఇంకా నిలబడే ఉంది.

"అడగలేదమ్మా. ఎవరూ అడగలేదు. అందుకే ఆ రాజీలు నిలవలేదు" అన్నాను.

ఆ అమ్మాయి కూర్చుంది. చాక్‌పీసు బల్ల మీద పెట్టేశాను. అప్పుడు అధ్యక్షుడు మళ్ళీ నోరు తెరిచారు, ఈసారి గొంతు తగ్గింది.

"ఆయన పొయినాక ఏమైందయ్యా?"

"పదేళ్ళు తిరక్కుండా యుద్ధమైందండీ. అన్నదమ్ములు చెరో వైపు నిలబడి కాల్చుకున్నారు."

కార్యదర్శి గారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. నిపుణుడు లేచి, చాలు, బాగుంది అన్నాడు.

మిగతా ఇద్దరి పాఠాలూ అయ్యాయి. కమిటీ ప్రిన్సిపాలు గారి గదిలో తలుపేసుకుంది. నేను స్టాఫు రూములో కూర్చుని నా పుస్తకాలు సంచిలో సర్దుకున్నాను. నాతో గది పంచుకునే ఇంగ్లీషు లెక్చరరు వచ్చి పక్కన కూర్చుని, ఎరువుల కొట్టయితే పండక్కి మాకూ రెండు బస్తాలు తగ్గింపు ధరకి ఇప్పించాలి మరి, అన్నాడు. నన్ను నవ్వించడానికే అన్నాడు. నాకు ఏడుపు వచ్చినంత పనయింది. ఉద్యోగం పోతుందన్న బాధతో పాటు, ఆ పిల్లకి జవాబు చెప్పినందుకు పోతోందన్న తృప్తి కొంచెం ఉంది, కానీ ఆ తృప్తితో ఇల్లు గడవదని కూడా తెలుసు.

లోపల గట్టిగా మాటలు వినిపించాయి. తర్వాత ఆగిపోయాయి. అటెండరు వచ్చి పిలిచాడు.

నేను వెళ్ళి నిలబడ్డాను. అధ్యక్షుడు నన్ను కింద నుంచి పైదాకా చూసి, పొద్దున మా హోటల్లో, సాయంత్రం వాళ్ళ హోటల్లో తాగుతావంట గదా అన్నారు. అవునన్నాను. రెండు చోట్లా తాగేవాణ్ణి నమ్మొద్దని మావాళ్ళు చానాసార్లు చెప్పారన్నారు.

"ఇయ్యాల జూసినా. నన్ను తిట్టినావు, ఆయన్నీ తిట్టినావు. ఇద్దర్నీ ఒకే గదిలో కూకోబెట్టి తిట్టినోడు ఆళ్ళ మనిషి గాదులే" అన్నారు అధ్యక్షుడు.

కార్యదర్శి గారు కళ్ళజోడు తుడుచుకుంటూ, "మా మనిషీ గాదు" అన్నారు.

నేను ఎవర్నీ తిట్టలేదండీ, అమెరికా ఆయన జీవితం అలా ఉంది అని చెప్పబోయాను. ప్రిన్సిపాలు గారు బల్ల కింద నుంచి నా కాలు తొక్కారు. అంత పెద్దమనిషి నా కాలు తొక్కడం అదే మొదలు, అదే చివర. నోరు మూసుకున్నాను. కాగితం మీద అధ్యక్షుడు సంతకం పెట్టారు, దాన్ని తిప్పి కార్యదర్శి వైపు తోశారు. ఆయనా పెట్టారు. ఇద్దరూ తమ తమ మనుషుల్ని గెలిపించుకోలేక నా దగ్గర ఆగారన్నది నిజమే, అందులో నా గొప్ప ఏమీ లేదు. అయినా అడక్కుండానే కుర్చీలో కూలబడ్డాను. నా భార్యకి ఉత్తరం రాయాలి, ఇల్లు చూడాలి, బావగారికి క్షమించమని చెప్పాలి. ఇవన్నీ ఒకేసారి తలలోకి వచ్చి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కార్యదర్శి గారు ఆ నీళ్ళు చూసి మొహం తిప్పుకున్నారు, అది ఆయన మర్యాద.

బయటికి వచ్చేసరికి సాయంత్రమైంది. అలవాటు ప్రకారం కింద హోటలుకి పోవాలి. కబురు అప్పుడే చేరినట్టుంది, రెండు హోటళ్ళ నుంచీ చేతులూపి పిలుస్తున్నారు. నేను రెండింటికీ నమస్కారం పెట్టి ముందుకి నడిచాను. బస్టాండు దాటి, రాళ్ళు కోసే మిల్లు పక్కన రేకుల కింద ఒక టీ కొట్టు ఉంది. మూడేళ్ళుగా రోజూ దాని ముందు నుంచే నడిచాను. అక్కడ వర్గాల వాళ్ళు ఎవరూ తాగరు, క్వారీ వాళ్ళే తాగుతారు. అది ఆ అమ్మాయి వాళ్ళ అమ్మ నడిపే కొట్టని ఆ రోజే తెలిసింది.

నేను బల్ల మీద కూర్చోగానే ఆమె గాబరాపడి, బల్ల తుడిచి, మీరేనా మా పిల్ల చెప్పిన సారు అని అడిగింది. అవునన్నాను. ఆమె గొంతు తగ్గించి, లోపల గోనెపట్టా తెర వైపు చూపించింది. పెద్దల ముందర నోరు జారానని, తన మాట వల్లే సారు ఉద్యోగం పోయుంటుందని, మధ్యాహ్నం నుంచీ ఆ పిల్ల మెతుకు ముట్టకుండా పడుకుందట. పోలేదమ్మా, ఇద్దరూ సంతకం పెట్టారని చెప్పాను. ఆమె కాసేపు నన్ను నమ్మాలా వద్దా అన్నట్టు చూసింది. తర్వాత నా ముఖంలో ఏం కనిపించిందో, తెర వైపు తిరిగి గొంతెత్తి పిలిచింది.

"ఏమే, సారుకి ఉద్యోగం వచ్చిందంట. ఇంకనన్నా లేచి అన్నం తిను."

తెర వెనక చెంబులో నీళ్ళు ముంచిన చప్పుడు, కంచం నేల మీద పెట్టిన చప్పుడు వినిపించాయి. ఆమె నాకు గ్లాసు అందించింది. టీలో చక్కెర మరీ ఎక్కువైంది. ఆ ఊళ్ళో ఎవరు చూస్తున్నారోనని వెనక్కి తిరక్కుండా నేను తాగిన మొదటి టీ అది. ఇంకో గ్లాసు పొయ్యమన్నాను.